షోర్ డైవింగ్ ట్రిప్‌కి స్నార్కెల్ తీసుకెళ్లాలా, వదిలేయాలా?

స్కూబా డైవింగ్‌లో మొదటి మెట్టైన ఓపెన్ వాటర్ కోర్సు చేసినన్ని రోజులూ మాస్క్ స్ట్రాప్‌కి ఎడమ పక్కన ఒక స్నార్కెల్, అంటే ముఖం నీళ్లలో ఉంచి పైగాలి పీల్చుకునే గొట్టం, వేలాడుతూనే ఉంటుంది. సిలిండర్‌లోని గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ గొట్టం కుడి భుజం మీదుగా వస్తుంది కాబట్టి దీన్ని ఎడమకు పెడతారు. పాడీ అనే డైవింగ్ శిక్షణ సంస్థ కోర్సులో నీటి పైన తేలుతూ స్నార్కెల్ నుంచి రెగ్యులేటర్‌కి, మళ్లీ రెగ్యులేటర్ నుంచి స్నార్కెల్‌కి మారడం నేర్చుకోవాల్సిందే. కార్డు చేతికొచ్చాక దాని గతి కూరలో కరివేపాకే. అనుభవం ఉన్న డైవర్ల గుంపును గమనించండి, చాలామంది మాస్క్‌లకు అది కనబడదు.

పడవ డైవింగ్‌లో దానికి కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. పడవ సరిగ్గా డైవ్ స్థలం మీదే ఆగుతుంది, దూకుతారు, దిగుతారు, పైకొస్తే పడవే దగ్గరకొస్తుంది. ఒడ్డు నుంచి నడిచి దిగే డైవింగ్‌లో ఆ సుఖం లేదు. పడవ ఖర్చు మిగులుతుంది కానీ ఆ దూరమంతా మన కాళ్లతో ఈదాలి. అందుకే తక్కువ ఖర్చులో షోర్ డైవింగ్ ట్రిప్ వేసుకునేవాళ్లు ఈ ప్రశ్న మళ్లీ అడుగుతుంటారు.

నా లెక్క ఇది. ఒడ్డు నుంచి దిగే చోటికి ఈత ఐదు నిమిషాల లోపు అయితే డైవ్‌లో స్నార్కెల్ అక్కర్లేదు. అంతకు మించితే మడిచి జేబులో పెట్టుకునే రకం ఒకటి ఉండాలి. అయితే బడ్జెట్ ట్రిప్‌లో స్నార్కెల్ అసలు పనికొచ్చేది డైవ్‌లో కాదు, డైవ్‌కీ డైవ్‌కీ మధ్య ఖాళీలో. ఈ రెండో సంగతి మరచిపోయి చాలామంది దాన్ని ఇంట్లో వదిలేస్తారు.

గాలి లెక్క

చాలా చోట్ల అద్దెకిచ్చే అల్యూమినియం సిలిండర్ లోపలి పరిమాణం 11.1 లీటర్లు. 200 బార్ (గాలి ఒత్తిడికి కొలత) నింపితే సుమారు 2,200 లీటర్ల గాలి. సామానంతా తగిలించుకుని నీటి పైన ఈదే కొత్త డైవర్ నిమిషానికి 20 నుంచి 25 లీటర్లు లాగేస్తాడు, టెన్షన్‌లో ఉంటే ఇంకా ఎక్కువే. 25 అనుకుందాం. రెండు నిమిషాల ఈతకు 50 లీటర్లు, అంటే గేజ్ మీద నాలుగైదు బార్. అది పోయినా పట్టించుకోనక్కర్లేదు. అదే ఈత పన్నెండు నిమిషాలైతే 300 లీటర్లు, 27 బార్. తిరిగి రావడానికీ అంతే పడితే 54 బార్, సిలిండర్‌లో పావు వంతు పైనే. ఆ గాలితో పది మీటర్ల లోతులో పన్నెండు పదిహేను నిమిషాలు హాయిగా గడపొచ్చు.

స్నార్కెల్ ఆదా చేసేది ఈ గాలినే. ట్యాంకుకి ఇంతని డబ్బు కట్టేచోట దానికి విలువ ఉంది. కరేబియన్‌లోని బొనైర్ లాంటి చోట డైవ్ షాపులు ఎన్ని ట్యాంకులైనా వాడుకోమని ప్యాకేజీ ఇస్తాయి. పికప్ ట్రక్కు వెనక ట్యాంకులు వేసుకుని, రోడ్డు పక్కన పసుపు రంగు రాళ్ల మీద రాసిన సైట్ల పేర్లు చూసుకుంటూ వెళ్లి దిగడమే అక్కడి పద్ధతి. అలాంటి చోట నాలుగు బార్ మిగిల్చి చేసేదేమీ ఉండదు.

ఇంకో మాట. పైకొచ్చేసరికి సిలిండర్‌లో మిగలాల్సిన 50 బార్‌ని ‘ఇంటికి ఈదడానికి ఉంది కదా’ అని లెక్కేసుకోకండి. 50 బార్ అంటే 550 లీటర్లు, కాగితం మీద ఇరవై నిమిషాల ఈతకు సరిపోతుంది. కానీ ఆ గాలి ఉంచేది ప్రవాహం ఎదురు తిరిగితేనో, ఒడ్డున అలలు పెరిగితేనో వాడుకోవడానికి.

తులాంబెన్: దగ్గరి ఈత, గరుకు ఒడ్డు

తక్కువ ఖర్చు షోర్ డైవింగ్ అంటే నాకు ముందు గుర్తొచ్చేది బాలీ ఈశాన్య తీరంలోని తులాంబెన్. యూఎస్ఏటీ లిబర్టీ అనే అమెరికా సరుకు ఓడను 1942 జనవరి 11న లాంబాక్ జలసంధి దగ్గర జపాన్ జలాంతర్గామి టార్పెడోతో కొట్టింది. మునిగిపోతున్న ఓడను లాక్కొస్తూ, ఇక కుదరదని తులాంబెన్ ఒడ్డుకు ఎక్కించి వదిలేశారు. ఇరవై ఏళ్లకు పైగా అది ఒడ్డునే ఉండిపోయింది. 1963లో ఆగుంగ్ అగ్నిపర్వతం పేలినప్పుడు ఆ ప్రకంపనలకు జారి నీళ్లలోకి వెళ్లింది. ఇప్పుడు ఒడ్డు నుంచి ముప్పై నలభై మీటర్ల దూరంలో పడుకుని ఉంది. పై భాగం ఐదారు మీటర్ల లోతులోనే తగులుతుంది, అడుగు ముప్పై మీటర్ల దాకా పోతుంది.

ముప్పై మీటర్ల ఈత అంటే ఎంత? గాలి లెక్కలో నాలుగు బార్ కూడా కాదు. కాబట్టి లిబర్టీ డైవ్ కోసమే అయితే స్నార్కెల్ అక్కర్లేదు. అంతేకాదు, ఆ ఒడ్డున అది నోట్లో ఉండకూడదు కూడా.

ఇసుక ఉంటుందనుకుని వెళ్తే అక్కడంతా నల్లటి గులకరాళ్లు, పిడికిలంత నుంచి కొబ్బరికాయంత వరకు. ట్యాంకులు ఒడ్డుదాకా మోసుకొచ్చేది ఊరి పోర్టర్లు. వాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ, తల మీద ట్యాంకు పెట్టుకుని ఆ రాళ్ల మీదే చకచకా నడిచొస్తారు. మన సంగతి వేరు. బూట్లు వేసుకుని, కాళ్లకు తొడిగే ఫిన్స్ చేత్తో పట్టుకుని, జోడీగా దిగే బడ్డీ భుజం పట్టుకుని మోకాలి లోతు నీళ్లలోకి దిగుతుంటే వెనక్కి పోయే అలతో పాటు కాళ్ల కింద రాళ్లూ గలగలమంటూ దొర్లుతాయి. అక్కడ ఒక్కసారి కాలు జారితే ముఖం నీళ్లలోకి వెళ్తుంది. అప్పుడు నోట్లో ఉండాల్సింది రెగ్యులేటర్. స్నార్కెల్ ఉంటే మొదటి గుక్క నీళ్లే.

అందుకే అలలు విరిగే ఏ ఒడ్డున దిగినా, ఎక్కినా మాస్క్ ముఖం మీద, రెగ్యులేటర్ నోట్లో ఉండాలి. ‘నాలుగడుగులే కదా’ అని రెగ్యులేటర్ తీసేసేవాళ్లు ఎక్కువగా బయటికొచ్చేటప్పుడే తీస్తారు, పడేదీ అప్పుడే. నడుం లోతు నీళ్లు దాటాక, అలలు విరిగే పట్టీ అవతల మాత్రమే స్నార్కెల్‌కి మారొచ్చు. తులాంబెన్‌లో ఆ పట్టీ దాటేసరికి ఓడ దాదాపు కిందే ఉంటుంది. ఇక మారడం ఎందుకు?

అయినా అక్కడికి స్నార్కెల్ తీసుకెళ్లమనే అంటాను, ఎందుకంటే లిబర్టీ పై భాగం అంత తక్కువ లోతులో ఉంది కాబట్టి. నీళ్లు తేటగా ఉన్న ఉదయం పూట పైన తేలుతూనే ఓడ ఆకారం, దాని మీద పెరిగిన పగడాలు, చేపల గుంపులు కనిపిస్తాయి. ట్యాంకు డబ్బు, గైడ్ డబ్బు రెండూ లేకుండా. అక్కడి నుంచి కాస్త దక్షిణంగా అమెడ్ వైపు వెళ్తే జెమెలుక్ అఖాతంలో పగడాలు ఒడ్డు పక్కనే మొదలవుతాయి. ఇంకా ముందుకు వెళ్తే బన్యునింగ్‌లో ‘జపాన్ ఓడ’ అని పిలిచే చిన్న శిథిలం తక్కువ లోతులోనే ఉంది, దాన్ని చూడటానికి స్కూబా అక్కర్లేదు. రోజుకు మూడు డైవ్‌లకు డబ్బు పెట్టే బదులు రెండు డైవ్‌లు చేసి, మిగతా పూట స్నార్కెల్‌తో తిరిగితే ట్రిప్ ఖర్చు బాగా తగ్గుతుంది. డైవింగ్ చేయని భార్యో భర్తో, పిల్లలో వెంట వస్తే వాళ్లకూ పని దొరుకుతుంది.

ఇక్కడొక జాగ్రత్త. స్కూబా చేసి వచ్చాక ఊపిరి బిగబట్టి కిందికి మునకలు వేయకూడదు. ఒంట్లో నైట్రోజన్ ఇంకా మిగిలి ఉంటుంది, పైకీ కిందికీ ఆ మునకలు మంచివి కావు. రెండు డైవ్‌ల మధ్య స్నార్కెల్ అంటే బోర్లా తేలుతూ చూడటం, అంతే. మునకలేయాలని సరదా ఉంటే డైవింగ్ లేని రోజున పెట్టుకోండి.

మాంటరే: ఇక్కడ లెక్క తారుమారు

కాలిఫోర్నియా బే ఏరియాలో ఉండే మన తెలుగువాళ్లలో డైవింగ్ మొదలుపెట్టే చాలామందికి తొలి సముద్రం మాంటరేలోని బ్రేక్‌వాటర్, శాన్ కార్లోస్ బీచ్. కారు పార్క్ చేసి మెట్లు దిగితే నీళ్లు, పడవ ఖర్చు లేదు. నీళ్లు చల్లన, 10 నుంచి 13 డిగ్రీలు. ఏడు మిల్లీమీటర్ల వెట్‌సూట్, హుడ్, ఆ మందానికి సరిపడా సీసం బరువులు. ఇంత మోసుకుని, ఒడ్డు నుంచి దూరంగా, పదిహేను మీటర్ల లోతున తెల్లటి పెద్ద సముద్ర అనిమోన్లు గుంపులుగా పెరిగే మెట్రీడియం ఫీల్డ్స్ దాకా వెళ్లాలంటే నీటి పైన పది పదిహేను నిమిషాల ఈత. పైన చెప్పిన 54 బార్ లెక్క సరిగ్గా ఇలాంటి చోటికే.

ఇక్కడ స్నార్కెల్ తన ఖరీదు రాబడుతుంది. కాకపోతే ఒక చిక్కు ఉంది, కెల్ప్. వేసవి చివరికి ఈ రాక్షస నాచు నీటి పైన చాపలా పరుచుకుంటుంది. దాని మీదుగా స్నార్కెల్‌తో వెళ్తే గొట్టానికి తీగలు చుట్టుకుంటాయి, మాస్క్ పక్కకు లాగుతుంది. కెల్ప్ లేని చోట స్నార్కెల్‌తో ఈది, చాప ఎదురవగానే రెగ్యులేటర్‌కి మారి కిందికి దిగి దాటడమే తేలిక. హుడ్ వేసుకుంటే స్నార్కెల్ క్లిప్ ఎక్కడ పట్టుకుంటుందో, మౌత్‌పీస్ నోటికి అందుతుందో లేదో ఇంటి దగ్గరే అద్దం ముందు చూసుకోవాలి. నీళ్లలో మూడు వేళ్ల గ్లవ్స్‌తో ఆ క్లిప్ సర్దడం అయ్యే పని కాదు.

ఫుజైరా, దహాబ్, మన విశాఖ

యూఏఈలో పనిచేసే మనవాళ్లు సెలవు రోజున కారెక్కి ఫుజైరా వెళ్తారు. అల్ అఖాలో స్నూపీ ఐలాండ్ ఒడ్డు నుంచి ఈదుకెళ్లే దూరంలోనే ఉంది, చుట్టూ లోతు తక్కువ. నన్నడిగితే అక్కడ ట్యాంకుకు డబ్బు పెట్టడమే దండగ, స్నార్కెల్‌తో ఆ రాతి చుట్టూ ఒక రౌండు వేస్తే చూడాల్సింది చాలావరకు చూసినట్టే. స్కూబా డబ్బు పడవ మీద వెళ్లే లోతైన సైట్లకు దాచుకోండి.

ఎర్ర సముద్రం పక్కన ఈజిప్టులోని దహాబ్‌లో రీఫ్ ఒడ్డును ఆనుకునే ఉంటుంది. లైట్‌హౌస్ దగ్గర దిగిన వెంటనే డైవ్ మొదలు. డైవ్‌లో స్నార్కెల్ అనవసరం, ఖాళీ వేళల్లో చాలా అవసరం.

విశాఖలో రుషికొండ దగ్గర డైవింగ్ నేర్చుకునేవాళ్లు పెరిగారు. మన తీరంలో అలలు ఒడ్డు మీదే విరుచుకుపడతాయి, నీళ్లలో చూపు తులాంబెన్ అంత దూరం ఆనదు. స్నార్కెల్‌తో పైనుంచి చూసి ఆనందించడానికి అక్కడ దొరికేది తక్కువ. కోర్సుకు కావాల్సింది ఎలాగూ సెంటర్ వాళ్లే ఇస్తారు.

స్నార్కెల్ లేకపోతే ఎలా ఈదాలి?

రెండు దారులున్నాయి. ఒకటి, బీసీడీలో (తేలడానికి గాలి నింపుకునే తొడుగు) గాలి నింపుకుని వెల్లకిలా పడుకుని కాళ్లాడించడం. ముఖం నీళ్ల పైన ఉంటుంది, మామూలు గాలే పీల్చుకోవచ్చు, బడ్డీతో మాట్లాడుకోవచ్చు. నడుం, భుజాల మీద బరువు తెలియదు. అద్దెకిచ్చే జాకెట్ రకం బీసీడీలు మనిషిని ఎలాగూ వెనక్కి వాల్చేస్తాయి కాబట్టి వాటితో ఇదే సహజం. అదే బీసీడీ వేసుకుని నిండా గాలి నింపి బోర్లా స్నార్కెల్‌తో ఈదబోతే అది మిమ్మల్ని నిలబెట్టాలని చూస్తుంది, మీరు వంగాలని చూస్తారు, మెడ పట్టేస్తుంది. గాలి సగం వదిలి, తేలడానికి సరిపడా ఉంచుకుంటేనే కుదురుతుంది. వీపు వైపు మాత్రమే గాలి నిండే వింగ్ రకం వాడేవాళ్లకు బోర్లా ఈదడం తేలిక, స్నార్కెల్ వాళ్లకే బాగా ఉపయోగం.

వెల్లకిలా ఈతలో లోపం, వెళ్లే వైపు కనబడదు. ఒడ్డున ఒక చెట్టునో, కట్టడాన్నో గుర్తు పెట్టుకుని దాన్ని సరిగ్గా కాళ్ల మధ్య ఉంచుకుంటూ ఈదితే దారి తప్పరు. గాలి ముఖం మీదికి వీచే రోజున చిన్న అలలు నోట్లో కొడుతూనే ఉంటాయి. ఆ రోజు స్నార్కెల్ ఉన్నవాడిది పైచేయి. కింద ఉన్న రీఫ్ అంచునో, ఓడనో కళ్లతో చూసుకుంటూ సరైన చోట దిగాలన్నా బోర్లా ఈదాల్సిందే.

రెండో దారి, అలలు దాటగానే మునిగి మూడు నాలుగు మీటర్ల లోతులో కంపాస్ పట్టుకుని వెళ్లడం. ఐదు మీటర్ల దగ్గర పీల్చే ప్రతి గుక్క నీటి పైన కన్నా ఒకటిన్నర రెట్లు గాలి తింటుంది. కానీ అలల తోపుడు ఉండదు, ఒళ్లు అలసిపోదు, దారిలో కనిపించేవీ డైవ్‌లో భాగమే. తులాంబెన్ నల్ల ఇసుకలోంచి తలలెత్తి ఊగే గార్డెన్ ఈల్స్‌ని చూడాలంటే ఇదే దారి. ఈత ఐదు నిమిషాల లోపు అయితే నేను దీన్నే ఎంచుకుంటాను.

మాస్క్‌కి తగిలించుకుని దిగితే

స్నార్కెల్ మీద డైవర్ల చిరాకు ఊరికే పుట్టలేదు. నీళ్ల కింద ప్రవాహం దాన్ని లాగుతుంటే మాస్క్ అంచు కదిలి నీళ్లు కారతాయి. పొడుగు జుట్టున్నవాళ్లకు స్ట్రాప్ దగ్గర చిక్కులు పడతాయి. లిబర్టీ లాంటి ఓడల సందుల్లోంచి దూరేటప్పుడు ఇనుప ముక్కలకు, చేపల వలలకు తగులుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఎడమ పక్కనే బీసీడీలో గాలి నింపే ఇన్‌ఫ్లేటర్ గొట్టం కూడా ఉంటుంది. కంగారులో చేతికి తగిలిన గొట్టాన్ని నోట్లో పెట్టుకునే ప్రమాదం కొత్తవాళ్లకే ఎక్కువ. కాబట్టి దిగేటప్పుడు తీసేసి మడిచి బీసీడీ జేబులో పెట్టడమే సరైన పద్ధతి. జేబులో పట్టని గట్టి గొట్టమైతే ఒడ్డునే వదిలేయడం మేలు.

కొనాలా, అద్దెకు తీసుకోవాలా?

పైన వాల్వ్, కింద నీళ్లు బయటికి వదిలే పర్జ్ వాల్వ్, పక్కన ఇంకేదో ఉన్న డ్రై స్నార్కెల్ దుకాణంలో ముచ్చటగా ఉంటుంది. దాని తలకాయ బరువుగా ఉంటుంది, నీళ్ల కింద గాలి నిండి పైకి లాగుతుంది, జేబులో పట్టదు. పర్జ్ వాల్వ్‌లో ఇసుక రేణువు ఇరుక్కుంటే నీళ్లు కారడం మొదలు. డైవింగ్ ముట్టుకోకుండా స్నార్కెలింగే చేసే ఇంట్లోవాళ్లకు మాత్రం డ్రై రకం బాగుంటుంది, నీళ్లు నోట్లోకి రావు.

డైవర్‌కి పనికొచ్చేవి రెండే. ఏ వాల్వూ లేని సాదా జె ఆకారం గొట్టం, డెకత్లాన్ లాంటి చోట వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. లేదా సిలికాన్‌తో చేసిన మడతపెట్టే రకం, ఖరీదు కొంచెం ఎక్కువ. దూరపు ఈత ఉన్న సైట్లకు వెళ్తుంటే మడతపెట్టేది, ఖాళీ వేళల్లో మాత్రమే వాడాలనుకుంటే సాదాది. పొడుగ్గా ఉంటే మంచిదనుకోకండి. గొట్టం 40 సెంటీమీటర్లు దాటితే మీరు వదిలిన గాలే మళ్లీ పీల్చడం ఎక్కువవుతుంది, ఊపిరాడనట్టు ఉంటుంది.

ముఖమంతా కప్పే ఫుల్ ఫేస్ స్నార్కెల్ మాస్క్ మాత్రం డైవర్ సంచిలో ఉండకూడదు. దాంట్లోంచి రెగ్యులేటర్ నోటికి అందదు, చెవుల ఒత్తిడి సరిచేసుకోవడానికి ముక్కు పట్టుకోవడం చాలా వాటిల్లో కుదరదు, మునిగితే ముఖం మీద ఒత్తిడి. దాన్ని వెంట తీసుకెళ్తే మామూలు మాస్క్ ఇంకొకటి మోయాలి.

చేతిలో ఉన్న డబ్బు తక్కువైతే ముందు మీ ముఖానికి సరిపోయే మాస్క్ కొనండి, అద్దె మాస్క్ కారడం కన్నా డైవ్‌ని పాడుచేసేది లేదు. తర్వాత ఎస్ఎంబీ, గాలి నింపితే నీటి పైన నిలబడే నారింజ రంగు ట్యూబు. ఒడ్డు నుంచి దూరంగా పైకొచ్చినప్పుడు జాలర్ల పడవలకు మీరు కనిపించేలా చేసేది అదే. ఆ పని స్నార్కెల్ చేయదు. తర్వాతి వంతు స్నార్కెల్‌ది. ఒకవేళ ముందు ముందు వృత్తి స్థాయి కోర్సైన డైవ్‌మాస్టర్ చేయాలనుకుంటే ఎలాగూ కొనాలి, ఆ పరీక్షలో చేతులు వాడకుండా మాస్క్, ఫిన్స్, స్నార్కెల్‌తో 800 మీటర్లు ఈదాలి.

అద్దెకు తీసుకుంటే చాలా షాపుల్లో స్నార్కెల్ మాస్క్‌తో పాటే ఉచితంగా వస్తుంది. తీసుకునే ముందు మౌత్‌పీస్ మీద పళ్లతో కొరికే రెండు మొనలు తెగిపోయాయేమో చూడండి, తెగితే దవడ బిగించి పట్టుకోవాల్సి వచ్చి పావుగంటకే నొప్పి పుడుతుంది. గొట్టాన్ని అరచేత్తో ఒకవైపు మూసి రెండోవైపు నుంచి గాలి పీల్చండి, ఎక్కడైనా గాలి దూరితే అక్కడ చీలిక ఉన్నట్టే. ఇంకొకటి అడగండి.